జర్మనీలో మతసంస్థలు, స్వచ్ఛంద సంస్థలు: ఏ హోదా ఎవరిస్తారు, ఏది పోతే ఏమవుతుంది

సంక్షిప్తంగా: "గుర్తింపు పొందిన మతాల" జాబితా అంటూ జర్మన్ చట్టంలో లేదు. ఒక మతసమూహం చట్టం ముందు ఎలా నిలబడుతుందన్నది మూడు చోట్ల విడివిడిగా తేలుతుంది. సంఘంగా రిజిస్ట్రేషన్ స్థానిక కోర్టులో, పన్ను మినహాయింపు పన్నుల కార్యాలయంలో, పన్ను వేయడం లాంటి కొన్ని ప్రభుత్వ తరహా అధికారాలిచ్చే పబ్లిక్ కార్పొరేషన్ హోదా రాష్ట్ర ప్రభుత్వం దగ్గర. ఒకటి వచ్చినంత మాత్రాన మిగతావి రావు. ఒకటి పోతే మిగతావి వాటంతట అవే పోవు కూడా.

"ఫలానా మతాన్ని జర్మనీ గుర్తించింది" అని ఒక వార్త వస్తుంది. కొన్నాళ్లకు "ఫలానా సంస్థకు ఛారిటీ హోదా రద్దు" అని ఇంకొకటి. ఈలోగా ఏదో మసీదుకు తాళం వేశారని మరొకటి. బెర్లిన్‌లో ఏదో మంత్రిత్వ శాఖ కూర్చుని మతాలకు మార్కులు వేస్తోందని చదివేవాళ్లకు అనిపించడం సహజం. కానీ ఆ మూడు నిర్ణయాలూ తీసుకున్నవాళ్లు వేరు, వాళ్లు చూసిన చట్టాలు వేరు, అసలు వాళ్లు అడిగిన ప్రశ్నలే వేరు.

ఉద్యోగాల కోసం జర్మనీ వెళ్లిన తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఇదే గందరగోళం జీతం స్లిప్పులో కనిపిస్తుంది. ఆదాయపు పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా కోతల పక్కన "కిర్షెన్‌స్టాయర్", అంటే చర్చి పన్ను, అని మరో కోత ఉంటుంది. చర్చికి ఇవ్వాల్సిన డబ్బును ప్రభుత్వం జీతంలోంచి పట్టుకోవడమేంటన్న ప్రశ్నకు జవాబు కావాలంటే 1919 దాకా వెనక్కి వెళ్లాలి.

1919 నాటి రాజీ

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాజరికం కూలింది. అప్పటిదాకా ప్రొటెస్టెంట్ ప్రాంతాల్లో రాజే చర్చికి పెద్ద. రాజు పోయాక చర్చి ఎవరిది? ఫ్రాన్స్ 1905లో చేసినట్టు మతాన్ని ప్రభుత్వం నుంచి పూర్తిగా వేరు చేయాలని వామపక్షాలు అడిగాయి. క్యాథలిక్ పార్టీ, సంప్రదాయవాదులు ఒప్పుకోలేదు. వైమార్‌లో రాసుకున్న రాజ్యాంగంలో మధ్యేమార్గం కుదిరింది. 137వ అధికరణ మొదటి వాక్యం ప్రకారం దేశానికి అధికార చర్చి లేదు. అదే అధికరణలో కిందికి వస్తే, అప్పటికే పబ్లిక్ కార్పొరేషన్లుగా ఉన్న చర్చిలు అలాగే కొనసాగుతాయి, పన్ను కూడా వేసుకోవచ్చు అని ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1949లో కొత్త రాజ్యాంగం రాసేటప్పుడు ఈ చర్చ మళ్లీ లేచింది. కొత్త సూత్రం మీద ఏకాభిప్రాయం రాలేదు. దాంతో పాత రాజ్యాంగంలోని 136, 137, 138, 139, 141 అధికరణలను ఉన్నవి ఉన్నట్టే 140వ అధికరణ ద్వారా తెచ్చి కొత్త రాజ్యాంగంలో కలిపేశారు. అలా రద్దయిపోయిన రాజ్యాంగంలోని ఐదు అధికరణలు ఈనాటికీ బతికున్న చట్టం. ఏడు దశాబ్దాలు దాటినా ఎవరూ వాటిని మార్చలేదు. మార్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి, అంత రాజకీయ అవసరం ఏ పార్టీకీ కనిపించలేదు.

ఈ ఏర్పాటులో రెండు విషయాలు గమనించాలి. 4వ అధికరణ ఇచ్చే మతస్వేచ్ఛకు ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఇంట్లో పదిమంది కూడి భజన చేసుకున్నా, కిరాయి హాల్లో ప్రార్థన పెట్టుకున్నా రాజ్యాంగ రక్షణ ఉంటుంది. రెండోది, ప్రతి మతసమూహం తన వ్యవహారాలను అందరికీ వర్తించే చట్టాల పరిధిలో తానే నడుపుకుంటుంది. పూజారిని ఎవరు నియమించాలి, హుండీ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి అన్నవాటిలో ప్రభుత్వం వేలు పెట్టదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1987 చట్టం కింద దేవాదాయ ధర్మాదాయ శాఖ ఆలయాలకు కార్యనిర్వహణాధికారులను వేస్తుంది. అలాంటి శాఖ జర్మనీలో ఏ మతానికీ లేదు.

మొదటి గడప: ఏడుగురు, ఒక నియమావళి

స్థలం కొనాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా, హాలు లీజుకు తీసుకోవాలన్నా సమూహానికి చట్టపరమైన ఉనికి ఉండాలి. అందుకు అందరూ ఎంచుకునే దారి రిజిస్టర్డ్ సంఘం. జర్మన్‌లో ఫెరైన్ అంటారు. పేరు చివర కనిపించే "ఈ.వీ." అన్న రెండక్షరాలకు అర్థం అదే. ఏడుగురు సభ్యులు, ఒక లిఖిత నియమావళి, ఎన్నికైన కార్యవర్గం ఉంటే నోటరీ ధ్రువీకరణతో స్థానిక కోర్టులో రిజిస్టర్ చేయిస్తారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001లో కూడా కనీస సంఖ్య ఏడే. జర్మనీలో తర్వాత సభ్యులు ముగ్గురి కంటే తగ్గితే ఆ ఉనికి పోతుంది.

దేశంలో ఇలాంటి సంఘాలు ఆరు లక్షలకు పైనే ఉన్నాయి. ఫుట్‌బాల్ క్లబ్బు, కుందేళ్ల పెంపకందార్ల సంఘం, మసీదు కమిటీ, గణేశ్ ఉత్సవ సమితి అన్నీ అదే రిజిస్టర్‌లో ఉంటాయి. కోర్టు చూసేది ఆ సంఘం వ్యాపారం కోసం పుట్టిందా కాదా, నియమావళి చట్టప్రకారం ఉందా అన్నంతవరకే. మత సిద్ధాంతం మంచిదా చెడ్డదా అన్నది దాని పని కాదు.

సంఘాల చట్టంలో ఉన్న ప్రజాస్వామ్య పద్ధతి కొన్ని మతాలకు సరిపడదు. ట్యూబింగెన్‌లోని బహాయి స్థానిక సభ కేసు అలాంటిదే. వాళ్ల మతనియమం ప్రకారం స్థానిక సభ జాతీయ సభకు లోబడి ఉండాలి. పైసంస్థ చెప్పుచేతల్లో ఉన్న సంఘాన్ని రిజిస్టర్ చేయబోమని కోర్టులు తిప్పిపంపాయి. 1991 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పులను కొట్టేసింది. సంఘాల చట్టాన్ని అన్వయించేటప్పుడు ఆ మతం అంతర్గత నిర్మాణాన్ని లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. ఒక సమూహం తనను మతం అని చెప్పుకుంటే సరిపోదు, పైకి కనిపించే తీరులోనూ మతమై ఉండాలన్నది కూడా ఆ తీర్పులోనే ఉంది. సంఘం కాకపోతే ఫౌండేషన్ పెట్టవచ్చు, 25,000 యూరోల మూలధనంతో లాభాపేక్ష లేని లిమిటెడ్ కంపెనీ కూడా పెట్టవచ్చు. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు ఎక్కువగా కంపెనీ రూపంలోనే నడుస్తాయి.

రెండో గడప: పన్ను ఆఫీసు

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఛారిటీ కమిషన్ అనే ఒకే సంస్థ అన్నిటినీ చూస్తుంది. జర్మనీలో అలాంటిది లేదు. సంఘం ఉన్న ఊరి పన్ను కార్యాలయమే ఆ సంస్థ ప్రజాహితానికి పనిచేస్తోందా అని తేలుస్తుంది. భారత్‌లో 12ఏ, 80జీ కింద ఆదాయపు పన్ను శాఖ చేసే పనికి ఇది దగ్గరగా ఉంటుంది.

పన్నుల ప్రక్రియ చట్టంలోని 51 నుంచి 68 వరకు సెక్షన్లు దీనికి ఆధారం. 52వ సెక్షన్‌లో ప్రజాహిత లక్ష్యాల జాబితా ఉంటుంది. అందులో మతం, విద్య, ఆరోగ్యం, పర్యావరణంతో పాటు జంతువుల పెంపకం, చిన్న తోటల సాగు, కార్నివాల్, అమెచ్యూర్ రేడియో కూడా ఉన్నాయి. చదరంగాన్ని క్రీడగా లెక్కించాలని చట్టమే చెబుతుంది. ఈ జాబితాను ఒక పద్ధతి ప్రకారం రాసినట్టు కనిపించదు; ఎవరి ఒత్తిడి ఎప్పుడు ఫలించిందో దాన్ని బట్టి పెరుగుతూ వచ్చింది.

లక్ష్యం జాబితాలో ఉంటే సగం పనే అయినట్టు. డబ్బు ఆ లక్ష్యానికే వెళ్లాలి, సభ్యులు పంచుకోకూడదు. వచ్చిన విరాళాన్ని ఏళ్ల తరబడి కూడబెట్టి కూర్చోకూడదు. సంఘం మూతపడితే మిగిలిన ఆస్తి మరో ప్రజాహిత సంస్థకు చేరాలన్న షరతు నియమావళిలోనే రాసి ఉండాలి. చాలా దరఖాస్తులు ఈ చివరి వాక్యం దగ్గరే వెనక్కి వస్తాయి, అందుకే చట్టానికి అనుబంధంగా ఒక నమూనా నియమావళిని ఇచ్చారు. హోదా వచ్చాక సాధారణంగా మూడేళ్లకోసారి లెక్కలు పంపాలి. దాతలు తమ ఆదాయంలో 20 శాతం వరకు విరాళాలను పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు, 300 యూరోల లోపు అయితే బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. తప్పుడు రసీదు ఇచ్చినా, డబ్బు పక్కదారి పట్టించినా ఆ మొత్తంలో 30 శాతం బాధ్యులు కట్టాల్సి వస్తుంది. కోశాధికారి పదవికి ఎవరూ ముందుకు రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

మతసంస్థల విషయంలో ఒక తేడా ఉంది. 54వ సెక్షన్ కింద "చర్చి లక్ష్యాలు" అన్న విభాగం పబ్లిక్ కార్పొరేషన్ హోదా ఉన్న మతాలకే వర్తిస్తుంది. మిగతా మతసంఘాలు 52వ సెక్షన్‌లోని "మతాభివృద్ధి" కింద దరఖాస్తు చేస్తాయి. దాతకు వచ్చే లాభం రెండిటిలోనూ ఒకటే.

రాజకీయం ఎక్కడ మొదలవుతుంది

ఛారిటీ హోదా వార్తల్లోకి ఎక్కిన సందర్భాల్లో ఎక్కువ వాటికి మూలం రాజకీయమే. ప్రపంచీకరణను విమర్శించే అట్టాక్ సంస్థ హోదాను ఫ్రాంక్‌ఫర్ట్ పన్ను కార్యాలయం 2014లో తీసేసింది. 2019 జనవరిలో ఫెడరల్ పన్ను కోర్టు ఆ వైపే మొగ్గింది. చట్టం పేర్కొన్న "రాజకీయ విద్య" అంటే ప్రజలు ఆలోచించేలా చేయడమే తప్ప, ఫలానా పన్ను వేయండని ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే ప్రచారం అందులోకి రాదని చెప్పింది. అదే ఏడాది క్యాంపాక్ట్ అనే ప్రచార సంస్థ కూడా హోదా పోగొట్టుకుంది.

అంతకు రెండేళ్ల ముందు అదే కోర్టు మరో కేసులో వేరేగా తీర్పిచ్చింది. హాంబర్గ్ విద్యుత్, గ్యాస్ నెట్‌వర్క్‌లను నగరమే కొనాలన్న ప్రజాభిప్రాయ సేకరణకు బుండ్ అనే పర్యావరణ సంస్థ ప్రచారం చేసింది. అది తప్పు కాదన్నారు. కారణం, పర్యావరణం 52వ సెక్షన్ జాబితాలో ఉంది, ఆ లక్ష్యం కోసం రాజకీయంగా మాట్లాడటం దానికి అనుబంధమే అవుతుంది. ఆర్థిక న్యాయం జాబితాలో లేదు. పార్లమెంటు ఏ పదాలు జాబితాలో పెట్టిందన్న ఒక్క దానిమీదే రెండు సంస్థల తలరాత తేలిపోయింది. ఇది సమంజసమా అన్న వాదన జర్మనీలో ఇంకా చల్లారలేదు.

51వ సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. అంతర్గత నిఘా సంస్థ వార్షిక నివేదికలో తీవ్రవాద సంస్థగా పేరు వస్తే, అది ప్రజాహిత సంస్థ కాదని ముందే అనుకుంటారు. కాదని నిరూపించుకునే భారం సంస్థదే. నాజీల బాధితులు పెట్టుకున్న వీవీఎన్ సంఘం పేరు బవేరియా రాష్ట్ర నివేదికలో ఉందని బెర్లిన్ పన్ను కార్యాలయం 2019లో దాని హోదా తీసేసింది. 2021లో మళ్లీ ఇచ్చింది. ఒక రాష్ట్రం రాసిన వాక్యానికి మరో రాష్ట్రంలో పన్ను కట్టాల్సిరావడం ఈ వ్యవస్థలో సాధ్యమేనని ఆ ఉదంతం చూపించింది.

మూడో గడప: పబ్లిక్ కార్పొరేషన్

"జర్మనీ గుర్తించింది" అన్న వార్తల వెనుక సాధారణంగా ఉండేది ఈ హోదానే. ఇది ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రాలు. ఉన్నవి 16 రాష్ట్రాలు, ఒక్కోదాని దగ్గర విడిగా అడగాలి.

ఈ హోదా వస్తే ఆ మతసంస్థ ప్రభుత్వంలో భాగమైపోదు. కానీ ప్రభుత్వ సంస్థలకుండే కొన్ని అధికారాలు దక్కుతాయి. సభ్యుల మీద పన్ను వేయవచ్చు. ఉద్యోగులను ప్రభుత్వోద్యోగుల తరహాలో నియమించుకోవచ్చు. సొంత నియమాలు రాసుకోవచ్చు. సభ్యుడు ఊరు మారితే కొత్త ఊరి పారిష్‌లో దానంతట అదే సభ్యత్వం వస్తుంది. ఇవి కాక కొన్ని పన్నులు, కోర్టు ఫీజుల మినహాయింపులు, యువజన సంక్షేమ పనుల్లో నేరుగా గుర్తింపు లాంటివి ఉంటాయి.

ఇందుకు రాజ్యాంగం పెట్టిన షరతు ఒక్కటే: నిర్మాణాన్ని బట్టి, సభ్యుల సంఖ్యను బట్టి ఆ సమూహం శాశ్వతంగా ఉంటుందన్న భరోసా కనిపించాలి. దాన్ని కొలిచేదెలా? అధికారులు ఒక బండ లెక్క పెట్టుకున్నారు: ముప్ఫై ఏళ్ల ఉనికి, రాష్ట్ర జనాభాలో వెయ్యికి ఒకరు సభ్యులు. సుమారు 60 లక్షల జనాభా ఉన్న హెస్సెలో ఆ లెక్కన 6,000 మంది కావాలి. బహాయిలు దేశం మొత్తం మీదే అంత మందికి అటూఇటూగా ఉంటారు. 2012 నవంబరులో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం, వెయ్యికి ఒకరన్నది కొండగుర్తే తప్ప చట్టం కాదని, మొత్తం పరిస్థితిని చూడాలని చెప్పింది. ఆ తర్వాత హెస్సె ప్రభుత్వం బహాయిలకు హోదా ఇచ్చింది.

అసలు పెద్ద పోరాటం యెహోవా సాక్షులది. నాజీ కాలంలో వేలమంది జైళ్లకు, నిర్బంధ శిబిరాలకు వెళ్లారు, శిబిరాల్లో వాళ్లకు ఊదారంగు త్రికోణం గుర్తు కుట్టేవారు. తూర్పు జర్మనీ 1950లో మళ్లీ నిషేధించింది. దేశం ఏకమయ్యాక బెర్లిన్‌లో కార్పొరేషన్ హోదా అడిగారు. 1997లో పరిపాలనా న్యాయస్థానం కాదంది. సభ్యులను ఎన్నికల్లో ఓటు వేయొద్దనే సంస్థకు ప్రభుత్వం నుంచి ప్రత్యేక హోదా అడిగే హక్కు లేదన్నది దాని వాదన. 2000 డిసెంబరు 19న రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును పక్కన పెట్టింది. మతసంస్థ చట్టాన్ని పాటించాలి, ఇతరుల ప్రాథమిక హక్కులకు, రాజ్యాంగ మూలసూత్రాలకు ప్రమాదం కాకూడదు. అంతకుమించి ప్రభుత్వం మీద ప్రత్యేక విధేయత చూపమని అడగడానికి రాజ్యాంగంలో చోటు లేదని తేల్చింది. పిల్లల పెంపకం, కుటుంబాల చీలిక వంటి ఆరోపణలు నిజమా కాదా చూడమని కింది కోర్టుకు పంపింది. అక్కడ రుజువు కాలేదు. 2006లో బెర్లిన్ హోదా ఇచ్చింది. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే వచ్చాయి. బ్రెమెన్‌లో అసెంబ్లీ చట్టం చేయడానికి నిరాకరిస్తే, శాసనసభ చేతికి ఆ నిర్ణయం ఇవ్వడమే రాజ్యాంగ విరుద్ధమని 2015లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. చివరి రాష్ట్రం నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా 2017లో ఇచ్చింది.

శ్రీలంక తమిళులు వెస్ట్‌ఫాలియాలోని హామ్ పట్టణంలో కట్టిన కామాక్షి అమ్మవారి ఆలయం 2002లో ప్రారంభమైంది. ఆ ఆలయంతో ముడిపడిన హిందూ సమాజానికి అదే రాష్ట్రంలో 2017లో కార్పొరేషన్ హోదా వచ్చింది. దేశంలోని మిగతా హిందూ ఆలయాలు ఎక్కువగా రిజిస్టర్డ్ సంఘాలుగానే ఉన్నాయి, వాటికి రోజువారీ పూజలకు అదే సరిపోతోంది.

జీతం స్లిప్పులో చర్చి

చర్చి పన్ను లెక్క సులువు. బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్‌లలో ఆదాయపు పన్నులో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. ఏడాదికి 10,000 యూరోల ఆదాయపు పన్ను కట్టే ఉద్యోగికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో 900 యూరోలు, మ్యూనిక్‌లో 800 యూరోలు అదనంగా పడుతుంది. వసూలు చేసేది ప్రభుత్వ పన్ను కార్యాలయం, అందుకు చర్చిల దగ్గర సర్వీసు ఛార్జీ తీసుకుంటుంది. రెండు పెద్ద చర్చిలకూ కలిపి ఏటా 1,200 కోట్ల యూరోల దాకా వస్తోంది. కార్పొరేషన్ హోదా ఉన్నవాళ్లంతా పన్ను వేయరు. బాప్టిస్టులు, యెహోవా సాక్షులు స్వచ్ఛంద చందాలతోనే నడుపుకుంటారు.

కొత్తగా వచ్చినవాళ్లకు తలనొప్పి నివాస నమోదు ఫారంలో మొదలవుతుంది. అందులో మతం గడి ఒకటి ఉంటుంది. క్యాథలిక్‌గా ఎక్కడ బాప్తిస్మం పొందినా జర్మనీలో కాపురం పెట్టగానే అక్కడి చర్చి సభ్యుడే అన్నది చర్చి నియమం. ప్రొటెస్టెంట్ల విషయంలో ఫారంలో "ఎవాంగేలిష్" అని రాయడాన్నే చేరినట్టుగా తీసుకోవచ్చు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చికి 1842లో పునాది వేసిన హేయర్ దొర జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవాడే. ఆ చర్చి కుటుంబాల నుంచి వెళ్లినవాళ్లు ఆ గడిలో తమ విశ్వాసాన్ని నిజాయితీగా రాస్తారు, రెండు నెలలకు జీతం స్లిప్పు చూసి హెచ్.ఆర్. వాళ్లను అడుగుతారు. చేతికొచ్చే మొత్తం తగ్గినా, కట్టిన చర్చి పన్నును ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకునే వీలుంది.

బయటికి రావాలంటే రాష్ట్రాన్ని బట్టి స్థానిక కోర్టులోనో రిజిస్ట్రార్ కార్యాలయంలోనో ప్రకటన ఇవ్వాలి. "విశ్వాసంలో ఉంటాను, పన్ను వేసే కార్పొరేషన్ నుంచి మాత్రం తప్పుకుంటాను" అని చర్చి చట్టం బోధించిన ఒక విశ్రాంత ప్రొఫెసర్ వాదించి చూశారు. 2012లో పరిపాలనా న్యాయస్థానం ఆ విభజన కుదరదంది. అదే ఏడాది క్యాథలిక్ బిషప్పులు, తప్పుకున్నవాళ్లకు సంస్కారాలు ఉండవని ఉత్తర్వు ఇచ్చారు. అయినా 2022లో క్యాథలిక్ చర్చి నుంచే ఐదు లక్షల ఇరవై వేల మందికి పైగా వెళ్లిపోయారు. లైంగిక వేధింపుల కేసుల మీద కోపం ఒక కారణమైతే, పన్ను మరో కారణం.

ముస్లిం సంస్థలు ఎక్కడ ఆగుతున్నాయి

జర్మనీలో ముస్లింలు 50 లక్షలకు పైనే. అయినా పెద్ద మసీదు సమాఖ్యలన్నీ రిజిస్టర్డ్ సంఘాల దగ్గరే ఆగాయి. వివక్ష అని కొందరు, విధేయత సమస్య అని ఇంకొందరు అంటారు. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉండొచ్చు గానీ, అసలు అడ్డంకి నిర్మాణంలో ఉంది. 1919 నాటి నమూనా సభ్యుల పట్టిక, అధికార శ్రేణి ఉన్న చర్చిని మనసులో పెట్టుకుని రాసింది. మసీదుకు నమాజుకు వచ్చేవాళ్లెవరూ సభ్యత్వం రాసివ్వరు. సమాఖ్యలో సభ్యులు మనుషులు కాదు, మసీదు సంఘాలు. అలాంటి సమాఖ్య మతసమాజం అనిపించుకోగలదా అన్నదానికి, మతపరమైన అసలు బాధ్యతలు పై స్థాయిలోనూ నిర్వహిస్తేనే అవునని 2005లో పరిపాలనా న్యాయస్థానం చెప్పింది. కొలోన్ కేంద్రంగా ఉన్న దీతిబ్ అనే మసీదు సమాఖ్య విషయంలో టర్కీ ప్రభుత్వ మత వ్యవహారాల శాఖతో ఉన్న బంధం మరో చిక్కు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ అహ్మదియ్యా జమాత్. సంఖ్యలో చిన్నదే గానీ సభ్యుల రిజిస్టరు, క్రమం తప్పని చందా, ఒకే నాయకత్వం ఉన్నాయి. 2013లో హెస్సెలో కార్పొరేషన్ హోదా పొందిన మొదటి ముస్లిం సమాజం అదే. 2020లో టర్కీ మూలాలున్న అలెవీ సమాజానికి నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో వచ్చింది. జనం ఎంతమంది అన్నదానికన్నా వాళ్లు కాగితం మీద ఎలా కూర్చబడ్డారన్నదే ఇక్కడ పనిచేసింది.

ఒకే సంస్థకు వేర్వేరు జవాబులు

అమెరికాలో పుట్టి, తనను మతమని చెప్పుకునే సైంటాలజీ కథ చూస్తే ఈ గడపలు ఎంత విడివిడిగా ఉన్నాయో తెలుస్తుంది. 1995లో ఫెడరల్ కార్మిక న్యాయస్థానం, హాంబర్గ్ సైంటాలజీ మతసమాజం కాదని, అక్కడ పనిచేసేవాళ్లు కార్మికులేనని అంది. 1997 నుంచి నిఘా సంస్థ కన్నేసింది. 2005లో పరిపాలనా న్యాయస్థానం మాత్రం సభ్యులు వ్యక్తులుగా 4వ అధికరణ రక్షణ కోరవచ్చని చెప్పింది. అన్నీ ఒకేసారి అమల్లో ఉన్నాయి, ఏదీ ఇంకోదాన్ని రద్దు చేయలేదు.

ఓషో అనుచరుల కేసు ఇంకో కోణం. ప్రభుత్వం వాళ్లను బహిరంగంగా విమర్శించింది. 2002లో రాజ్యాంగ న్యాయస్థానం, ప్రజలను హెచ్చరించే అధికారం ప్రభుత్వానికి ఉందని, అయితే "విధ్వంసక", "కుహనా మతం" లాంటి ముద్రలు తటస్థతను మీరాయని తీర్పిచ్చింది.

నిషేధం వేరే దారి

2001 సెప్టెంబరు దాడులదాకా మతసంఘాలకు సంఘాల నిషేధ చట్టం వర్తించేది కాదు. ఆ ఏడాది డిసెంబరులో ఆ మినహాయింపు తీసేశారు. కొద్దిరోజులకే కొలోన్‌లోని ఖలీఫా రాజ్య సంస్థను నిషేధించారు. ఛారిటీల వంతు కూడా వచ్చింది: హమాస్‌కు డబ్బు పంపారని 2002లో అల్ అక్సా సంఘం, 2010లో ఐహెచ్‌హెచ్ అనే సహాయ సంస్థ, విదేశీ తీవ్రవాద సంస్థలకు నిధులిచ్చిందని 2021లో అన్సార్ ఇంటర్నేషనల్. 2024 జులై 24న హాంబర్గ్ ఇస్లామిక్ సెంటర్‌ను నిషేధించి ఆల్‌స్టర్ సరస్సు పక్కనున్న నీలి మసీదును స్వాధీనం చేసుకున్నారు.

ఛారిటీ హోదా పోతే సంఘం బతికే ఉంటుంది, పన్ను కడుతుంది, దాతకు రసీదు ఇవ్వలేదు. నిషేధం పడితే సంఘమే ఉండదు, ఆస్తి ప్రభుత్వానికి పోతుంది. మొదటిది ఊరి పన్ను అధికారి నిర్ణయం, రెండోది రాష్ట్ర లేదా కేంద్ర హోం మంత్రి ఉత్తర్వు. వార్తలు చదివేటప్పుడు ఏది జరిగిందో చూసుకోవాలి.

తెలుగు సంఘాలకు తగిలే చోటు

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి జరిపే సంఘాలు రిజిస్టర్డ్ సంఘాలుగా నమోదై, సంస్కృతి లేదా దేశాల మధ్య స్నేహం అన్న లక్ష్యం కింద ఛారిటీ హోదా అడుగుతాయి. సభ్యులు కలిసి భోంచేసి పాటలు పాడుకోవడమే ప్రధానమైతే అది ప్రజాహితం కిందికి రాదు. బయటివాళ్లకూ తలుపు తెరిచి ఉండాలి. ఊళ్లో బడికో వరద బాధితులకో డబ్బు పంపాలంటే రెండు వైపులా పని ఉంటుంది. జర్మనీ వైపు ఆ డబ్బు లక్ష్యానికే ఖర్చయిందని రసీదులు, నివేదికలు చూపాలి. భారత్ వైపు అందుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. భారత్‌లోని సంస్థకు ఆ అనుమతి లేదని విరాళాలు వసూలయ్యాక తెలిస్తే, జర్మనీలో హోదా ఎంత పక్కాగా ఉన్నా ఆ డబ్బు కదలదు.

తేలని బాకీ

2022 నుంచి రెండు పెద్ద చర్చిల సభ్యులు కలిపినా జనాభాలో సగం కంటే తక్కువ. అయినా హోదాలు చెక్కుచెదరలేదు, ఎందుకంటే 1919కి ముందునుంచీ కార్పొరేషన్లుగా ఉన్నవాటికి సంఖ్య షరతే లేదు. ఒత్తిడి పక్క దారుల్లో వస్తోంది. చర్చిల సేవా సంస్థలైన క్యాథలిక్ కారితాస్, ప్రొటెస్టెంట్ డియకోనీ కలిపి పది లక్షలకు పైగా ఉద్యోగులున్న యజమానులు. ఉద్యోగానికి చర్చి సభ్యత్వం అడగడం ప్రతి పోస్టుకూ చెల్లదని, ఆ పనికి అది నిజంగా అవసరమో కాదో కోర్టు పరిశీలించవచ్చని 2018లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. 2025లో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ పరీక్షను ఒప్పుకుంటూనే డియకోనీ పక్షాన తీర్పిచ్చింది.

మరో లెక్క ఇంకా పాతది. 1803లో జర్మన్ రాజులు చర్చి భూములు తీసుకున్నారు. అందుకు బదులుగా పుట్టిన చెల్లింపులను హాంబర్గ్, బ్రెమెన్ తప్ప మిగతా రాష్ట్రాలు నేటికీ ఇస్తున్నాయి. ఏటా 50 కోట్ల యూరోలకు పైనే. ఇది చర్చి పన్నుకు అదనం, ఏ చర్చిలోనూ లేనివాళ్లు కట్టే పన్నుల్లోంచి కూడా పోతుంది. వీటిని ఒకేసారి చెల్లించి ముగించాలని 138వ అధికరణ 1919లోనే ఆదేశించింది. 2020లో మూడు ప్రతిపక్ష పార్టీలు వార్షిక మొత్తానికి 18.6 రెట్లు కట్టి వదిలించుకుందామని బిల్లు పెట్టాయి. అంటే వెయ్యి కోట్ల యూరోల చుట్టూ. మరుసటి ఏడాది బిల్లు వీగిపోయింది. ముగించే సూత్రం రాయాల్సింది కేంద్ర పార్లమెంటు, డబ్బు కట్టాల్సింది రాష్ట్రాలు. ఒకేసారి అంత మొత్తం తీయడం కన్నా ఏటా కట్టుకుంటూ పోవడమే రాష్ట్రాల ఆర్థిక మంత్రులకు తేలికగా కనిపిస్తోంది.